ఎర్రమట్టి దిబ్బల పటం మీద నా సంతకం

మా జిన్నారం గుట్టల వయసు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాలు. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఎర్రమట్టి దిబ్బల వయసు ఎంత లాగినా ఇరవై వేల ఏళ్ళు దాటదు. మా రాయి పక్కన పెడితే అది బొడ్డు కోయని పసిగుడ్డు. ఈ లెక్క నేను కనబడ్డవాడికల్లా చెప్పాను. అందరూ శ్రద్ధగా విని, తల ఊపి, చివరికి ఒకటే అడిగారు. "ఆడికెల్లి సముద్రం కనబడతదా అన్నా?"

కడుపు మండదా మరి!

నేను జిన్నారం మండలంలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. ఇష్టపడి డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాను. రాళ్ళకు సంబంధించిన ఉద్యోగమేదైనా వస్తుందేమోనని మూడేళ్ళు కాచుకున్నాను. రాలేదు. పటాన్‌చెరులో యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. తయారైన ఇనుప ముక్కను కొలిచి, సరిగ్గా ఉంటే ముద్ర వేయాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పడేయాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. ఇంకొకరి తప్పు పట్టుకోవడంలో నన్ను మించినవాడు ఆ షెడ్డులో లేడని అందరూ అంటారు, నేనూ అనుకుంటాను.

ఉద్యోగం రాకపోయినా రాళ్ళ పిచ్చి పోలేదు. ఫ్యాక్టరీలో సైకిల్ తొక్కే సరదా ఉన్న పదిమందిని పోగుచేసి, ఆదివారం పొద్దున్నే బయల్దేరదీసేవాణ్ణి. ఒక వారం సుల్తాన్‌పూర్ వైపు, ఒక వారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడి వైపు, ఒక వారం మా జిన్నారం వైపు. దారిలో మంచి రాతిగుండు కనబడితే ఆపి, ఎండకూ వానకూ రాయి పొరలు పొరలుగా ఉల్లిగడ్డలా ఎలా ఒలిచిపోతుందో చూపించేవాణ్ణి. "జెర జల్దీ అన్నా, గుడికాడ ఇడ్లీలు ఒడుస్తయి" అనేవాళ్ళు. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. ఒక్కడూ ఒక్క ఫొటో తీసుకోలేదు. పైగా ఏటా ఒక గుట్ట కంకర మిల్లుకు పోతూనే ఉంది. మనుషులు నాలుగు అడుగులు నడిచి చూస్తే, చూసి ఇష్టపడితే, ఆ మిగిలినవైనా నిలుస్తాయేమోనని నా ఆశ. గోడకు చెప్పుకున్నా ఒకటే.

ఇక ఆ దిబ్బల ఊరి మనిషి సంగతి. మా డ్రాయింగ్ సెక్షన్‌లో పనిచేస్తాడు. భీమిలి పక్క ఊరి నుంచి అప్రెంటిస్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. పాతికేళ్ళుగా మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుంటాం, ఆదివారం సైకిళ్ళకూ వస్తాడు. వాళ్ళ ఊరి నుంచి ఎండు రొయ్యలు వస్తే సగం మా ఇంటికి చేరతాయి, మా పొలంలో కందులు పండితే ఒక సంచి వాళ్ళ ఇంటికి పోతుంది. మంచివాడు. మంచివాడు కాకపోయి ఉంటే నా కుళ్ళుకు కనీసం ఒక సాకు దొరికేది.

రెండేళ్ళ కిందట వాళ్ళ ఊరి హైస్కూలు టీచరమ్మ అతనికి ఫోన్ చేసింది. సముద్రం ఒడ్డున ఉన్న రాళ్ళనూ దిబ్బలనూ చూపిస్తూ, నడిచేవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ ఒక దారి ఏర్పాటు చేస్తున్నారట. కార్లలో వచ్చి సెల్ఫీ దిగి పోయేవాళ్ళు కాకుండా, ఆగి చూసేవాళ్ళు రావాలని ఆమె పట్టుదల. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర పెద్ద బోర్డు, చేతికిచ్చే చిన్న పటం, ఏడు చోట్ల ఆగి చదువుకోవడానికి రెండేసి వాక్యాలు కావాలి. పటం గీయడానికి ఆమెకు గుర్తొచ్చింది, ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే తన పాత విద్యార్థి.

నలభై నాలుగేళ్ళ మనిషి ఆ రోజు క్యాంటీన్‌లోకి గంతులేస్తూ వచ్చాడు. ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్రగా, మడతలు మడతలుగా లోయలు, వెనక నీలం గీతలా సముద్రం. "సూసీయండి, ఇదీ మా ఊరు!" అన్నాడు. పక్క బల్లల వాళ్ళూ లేచి వచ్చారు. ఎనిమిదేళ్ళు నా గుండ్ల దగ్గర ఇడ్లీల కోసం తొందరపెట్టిన మనుషులే ఆ ఫొటో కోసం ఒకరి మీద ఒకరు పడ్డారు.

"అన్నా, నువ్వు సదూకున్నావు కదా, ఇది ఎలగ వచ్చిందో ఈల్లకి సెప్పు" అన్నాడు నన్ను.

చెప్పాను. సముద్రం ఒకప్పుడు చాలా దూరం వెనక్కి పోయిందని, బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి ఒడ్డున కుప్పపోసిందని, ఆ ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడిందని. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. నా ముప్పై ఏళ్ళ చదువు మొదటిసారి సభ గెలిచింది, అదీ ఇంకొకడి ఊరి పేరు మీద. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు ఇంటా లేదు, రచ్చ అతనిది.

ఇంటికెళ్ళి ముభావంగా కూర్చుంటే మా ఆవిడ కనిపెట్టేసింది. "ఏంది, మొకం గట్ల మాడ్చుకున్నరు?" అంది. చెప్పాను. నవ్వింది. "గాయన ఊర్ల ఇసుక కుప్పుంటే మీకెందుకు పరేషాన్? పొరుగింటి పుల్లకూర రుచని జనం పోతున్నరు. మీరు సుత పోయి సూసి రాండ్రి." చెప్పినంత తేలికా? కూర నాకూ రుచిగానే ఉంది, అదే కదా నా బాధ.

ఆ తర్వాత రెండు నెలలు ఆదివారాల సైకిళ్ళ మీద కూడా భీమిలి కబుర్లే. సుల్తాన్‌పూర్ దాటుతుంటే ఒకడు, "అక్కడ గాలి ఎదురొస్తదా తమ్మీ?" అని అతన్ని అడిగేవాడు. ముందు తొక్కేది నేను, వెనక గుంపంతా అతని చుట్టూ. ఏడు చోట్లకు వాక్యాలు రాసిపెట్టమని నన్నే బతిమాలాడు. రాయనని ఎలా అంటాను? రాశాను. పాడు చేద్దామని కూర్చున్నా చేతకాలేదు. సముద్రం తొలిచిన రాతి తోరణం దగ్గర చదవడానికి, "ఇక్కడ రాయి గట్టిది, నీళ్ళు మెత్తనివి. గెలిచిందెవరో చూడండి" అని రాశాను. అతను దాన్ని నాలుగుసార్లు పైకి చదివి, నా చేయి పట్టుకుని ఊపాడు. మా జిన్నారం గుట్టకు నేను ఇంతకంటే మంచి వాక్యాలు రాసి పెట్టుకున్నాను, డైరీలో. ఎవరు చదువుతారు?

ఒక సాయంత్రం పటం చుట్టచుట్టి చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పరిచాడు. ఏం గీశాడో చూసి నాకు నవ్వూ, చిర్రూ రెండూ వచ్చాయి. సముద్రం ఒడ్డు పటానికి కూడా కింద కుడి మూలన మా ఫ్యాక్టరీ డ్రాయింగుకు పెట్టినట్టు మూడు గళ్ళు పెట్టాడు. గీసినవారు, చెక్ చేసినవారు, ఆమోదించినవారు. మా దగ్గర ఆ మూడు గళ్ళూ నిండకుండా ఏ కాగితమూ మిషన్ దగ్గరికి పోదు. మధ్య గడిలో సంతకం ఉందంటే మిషన్ మీదివాడు ఇంకేమీ అడగడు, ఇనుము కోసేస్తాడు. గీసినవాడు పొరపాటు చేయవచ్చు, చెక్ చేసినవాడు చేయకూడదు. మా అన్నం ఆ నమ్మకం మీదే ఉడుకుతుంది.

"అలవాటన్నా, సెయ్యి ఆగలేదు" అని నవ్వాడు. "మొదటి గడి నాది. ఆఖరిది టీచర్ గారిది. నడిమి గడిలో సంతకం నువ్వు సెయ్యాల. ఏటైనా తప్పుంటే ఎర్ర పెన్నుతో కొట్టీ."

చూశాను. నడిచేవాళ్ళ దారి ఆకుపచ్చ గీత, సైకిళ్ళ దారి నీలం గీత. రోడ్డు, వంతెన, టీ కొట్టు, జీడితోట అన్నీ చక్కగా ఉన్నాయి. ఆరు ఆగుచోట్లూ సరే. ఏడోది ఎర్రదిబ్బలు. అక్కడ నీలం గీత రోడ్డు దగ్గర ఆగలేదు. జీడితోట దాటి దిబ్బ ఎక్కి, శిఖరం పొడుగునా సాగి, సముద్రం కనబడే కొస దాకా పోయింది.

డిగ్రీలో మమ్మల్ని ఆ దిబ్బలకు తీసుకెళ్ళారు. మా లెక్చరర్ అందరినీ కింద వాగులోనే నడిపించారు. ఎవడో పైకెక్కబోతే చొక్కా పట్టి లాగారు. "పైన గట్టిగా కనబడేది వేలెడు మందం పెచ్చు. అది పగిలితే కింద ఉన్నదంతా ఉత్త ఇసుక. ఒక్క వానకు పోతుంది" అన్నారు. కాలికే పగిలేది సైకిల్ టైరుకు నిలుస్తుందా? అదీ వరసగా ఒకే గీత మీద పోతే?

ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది. "తమ్మీ, సైకిళ్ళు రోడ్డు మీదనే ఆపాలె, కిందికెల్లి నడిపియ్యి" అంటే చాలు. తొమ్మిది మాటలు కూడా లేవు. నోరు తెరిచాను కూడా. అప్పుడే అతను అన్నాడు, "ఈ కొస మీద నాను సిన్నప్పుడు పరిగెత్తీవోణ్ణి అన్నా. ఆ కొసన నిలబడితే ఎవడైనా మా ఊరికి దాసోహం అయిపోవల్సిందే. మన గ్రూపోల్లు మళ్ళీ ఇంక ఏ రాయీ సూడరు."

ఇంక ఏ రాయీ చూడరు! నా ముందర కూర్చుని, నా ఇంటి చాయ్ తాగుతూ, నవ్వుతూ అన్నాడు ఆ మాట. నా గుట్టలను మనసులో పెట్టుకుని అనలేదు, నాకు తెలుసు. అయినా కళ్ళల్లో నిప్పులు పడ్డట్టయింది. పోనీ, వాళ్ళకే తెలిసొస్తుందిలే అనుకున్నాను. ఊరుకున్నంత ఉత్తమం లేదని సామెత కూడా గుర్తొచ్చింది, ఇలాంటప్పుడు సామెతలు బాగా గుర్తొస్తాయి. మధ్య గడిలో సంతకం పెట్టి, కింద తారీఖు వేశాను.

అక్టోబరులో పదకొండు మందిమి రైలెక్కాం. సైకిళ్ళు వైజాగులో కిరాయికి తీసుకుని ఒడ్డు రోడ్డు పట్టుకుని బయల్దేరాం. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఆ దారి అందం గురించి నేను రాయను, మీరే ఊహించుకోండి. ఒక్కో ఆగుచోట మావాళ్ళు సైకిళ్ళు దిగి, నేను రాసిన వాక్యాలు గట్టిగా చదివి, రాతిని చేత్తో నిమిరి చూశారు. అక్కడి ఊరివాళ్ళు పదిహేను మంది సైకిళ్ళ మీద కలిశారు. టీ కొట్టు దగ్గర కొత్త బోర్డు. అంత పెద్ద బోర్డు మీద మూలన మూడు గళ్ళూ, మధ్యలో నా సంతకమూ. నీరుకావి చీర కట్టుకుని సన్నగా ఉన్న టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, "మీరు చూశారన్నాకే ధైర్యంగా అచ్చు వేయించానండి" అంది.

ఆమెకైనా చెప్పాల్సింది. ఆ నిమిషమూ జారిపోయింది. పాతిక సైకిళ్ళు బిలబిలా జీడితోట దాటి దిబ్బ మీదికి ఎక్కాయి. నేను టైరులో గాలి తగ్గిందని అబద్ధం చెప్పి కిందే నిలబడ్డాను. ముందు టైరు వెళ్ళిన జాడలోనే వెనక టైరు, దాని వెనక ఇంకోటి. పైన కొస మీద మావాళ్ళు చేతులు ఊపుతూ అరుస్తున్నారు. అతను అందరికంటే ముందు, సముద్రం వైపు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆ క్షణంలో కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు కలిగింది భయం కంటే కుళ్ళే ఎక్కువ.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. సాయంత్రం దాకా కుండపోత.

మర్నాడు పొద్దున టీచరమ్మ కబురు పంపింది. అందరం నడిచి వెళ్ళాం. టైర్ల జాడ ఉన్నచోట మోకాలి లోతు కాలువ పడింది. దిబ్బ కొసన ఒక వైపు, నిన్న వాళ్ళు నిలబడ్డ చోటే, ఎద్దుబండి అంత ముక్క విరిగి కింద వాగులో ఎర్రటి ముద్దగా పడి ఉంది. గాలి ఎన్నో వేల ఏళ్ళు రేణువు రేణువుగా పోసిన కుప్ప.

టీచరమ్మ అరవలేదు. "పిల్లల్ని ఏటా తెచ్చి చూపిస్తాను ఇక్కడికి" అని మాత్రం అంది. విరిగిన ముక్క మీంచి తల తిప్పి, "దారి సరిగ్గానే ఉందని చూసి పెట్టారు కదండీ?" అని మా ఇద్దరి వైపూ చూసింది.

నేను చెప్పుకంటిన ఎర్రమట్టిని నేలకు రాశాను. అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "మా అన్న తప్పేం లేదండి. ఆయన రాతల వరకే సూశాడు. దారి నానే గీసీశాను. సిన్నప్పుడు పరిగెత్తిన సోటు కదాని ఆలోసించలేదు. తప్పు నాదే" అన్నాడు. పోయి ఆ బోర్డును తన చేతులతోనే విప్పి, మోసుకెళ్ళి టీ కొట్టు వెనక పెట్టాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి చూశాను. మా గ్రూపులో ఒకరు, "మంచోడే గని గింత బేకార్ పని చేసిండు" అని గొణిగారు.

పటాన్‌చెరు తిరిగొచ్చాక అతను ఆదివారాలు రావడం మానేశాడు. డబ్బా విప్పితే సగం తిని మూసేసేవాడు. అక్కడ వాన పడ్డప్పుడల్లా టీచరమ్మకు ఫోన్ చేసి, కాలువ ఎంత పెరిగిందని అడిగేవాడు. వాళ్ళ ఊరివాళ్ళు ఫోన్లో తిట్టేవాళ్ళట. "పొట్ట చేత్తో పట్టుకుని పోయినోడివి, నీకెందుకురా మా దిబ్బలు" అన్నారట ఒకరు. అది చెప్పి నవ్వబోయి నవ్వలేకపోయాడు. నేను కోరుకున్నది ఇదే కదా, మళ్ళీ గుంపులో ముందు నేనే, నా రాళ్ళే. మూడు ఆదివారాలు గుండ్ల దగ్గర ఆగకుండా తొక్కుకుపోయాను. చెప్పబుద్ధి కాలేదు.

నాలుగో వారం క్యాంటీన్‌లో అతని ఎదురుగా కూర్చుని, డబ్బా విప్పకుండానే చెప్పేశాను. "తమ్మీ, ఆ నీలం గీత తప్పని నాకు ఎరుకే."

తల ఎత్తాడు. "ఎప్పుడు ఎరిక?"

"సంతకం పెట్టిన నాడే. పెన్ను పట్టుకున్నప్పుడే."

"మర్సిపోయావా అన్నా?" అన్నాడు. నాకు దారి చూపిస్తున్నాడు, ఆ మనిషి. అవునంటే అక్కడితో అయిపోయేది.

"మర్సిపోలే. చెప్పబుద్ధి కాలే. నీ ఊరి మీద కుళ్ళు. ఎనిమిదేండ్లు నేను మొత్తుకుంటే ఎవ్వడూ ఇనలే. నువ్వొక ఫొటో సూపిస్తే అందరూ ఎగబడ్డరు. ఓర్వలేకపోయిన."

అతను చాలాసేపు నన్నే చూశాడు. కోపం ఉంటే బాగుండేది, తిట్టినా కొట్టినా పడేవాణ్ణి. నా గురించి ఏదో కొత్తగా కొలుస్తున్నట్టు చూశాడు. తన డబ్బా మూసుకుని లేచి, ఇంకో బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. పాతికేళ్ళలో అది మొదటిసారి. టీచరమ్మకు ఆ సాయంత్రమే నేను ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "అతనితో చెప్పారా?" అని ఒక్కమాట అడిగి పెట్టేసింది.

అతను పది రోజులు సెలవు పెట్టి ఊరికి పోయాడు. దిబ్బ చుట్టూ గుంజలు పాతి తాడు కట్టడానికని, మిగతావాళ్ళ ద్వారా తెలిసింది. తిరిగొచ్చిన రోజు పొద్దున నా తనిఖీ బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం చుట్ట పెట్టాడు. విప్పాను. మా జిన్నారం. గుట్టలు, చెరువు, మా పాత పొలం గట్టు, నేను ఎనిమిదేళ్ళుగా ఆగిన గుండ్లన్నీ ఒక్కటి వదలకుండా, ఎక్కడ సైకిల్ ఆపాలో, ఎక్కడ నడవాలో. ఒకచోట నేనెప్పుడో అన్న మాట, "ఉల్లిగడ్డ గుండు" అని, దాని పేరుగా రాసి ఉంది. వింటున్నాడని నాకు తెలియనే తెలియదు.

"భీమిలి నుంచి తిరిగొచ్చాక నీకిద్దామని ఎండాకాలం నుంచి గీస్తన్నాను" అన్నాడు. "మన గ్రూపోల్లు దాని తరవాత దీన్నే సూడాలని."

నా కళ్ళు కింది మూలకు పోయాయి. గీసినవారు అన్న గడిలో అతని పేరుతో పాటు నా పేరు కూడా. మధ్య గడి ఖాళీ.

"ఈ గడిల నువ్వు సంతకం పెడతవా తమ్మీ?" అని అడిగాను. ఎందుకడిగానో, అంత ఆశ ఎలా మిగిలిందో.

"రాళ్ళ సంగతి నాకేటి తెలుసన్నా? నువ్వు సెప్పింది నమ్మి పెట్టాల" అన్నాడు. కాగితాన్ని నా వైపు జరిపి, "వేరేవోల్లని సూసుకో" అన్నాడు.

షిఫ్టు సైరన్ మోగింది. అతను డ్రాయింగ్ సెక్షన్ వైపు వెళ్ళిపోయాడు. నేను కొలవాల్సిన ముక్కలు బల్ల మీద పేరుకుపోతున్నాయి.